కాటుక చుక్క పెట్టిన ముసుగు

నేను ఒక ముసుగును. దొంగలు మొహానికి కట్టుకునే ముసుగును కాను, భయపడకండి. కూడళ్ళలో నిలబెట్టిన నాయకుల విగ్రహాలకు ఎన్నికలొచ్చినప్పుడు తల మీదుగా తొడిగి, కాళ్ళ దగ్గర తాడు బిగించి కడతారే, ఆ తెల్లగుడ్డ ముసుగును. ప్రస్తుతం మాచన్నపేట పోలీస్ ఠాణా వెనక సామాన్ల గదిలో ఉంటున్నాను. నాకు ఒక పక్క దొంగసారా డబ్బా, ఇంకో పక్క చక్రం లేని మోటారు సైకిలు. నా కింద ఒక గాజు సీసా. ఆ సీసా సంగతి వచ్చినప్పుడు చెబుతాను.

నేనేం చేసి ఇక్కడికి వచ్చానో వినండి. విన్నాక మాత్రం ఎవరితోనూ అనకండి. అంటే మీకు ఆలోచన వచ్చిందని తెలిసిపోతుంది. ఈ రోజుల్లో అది మంచిది కాదు.

నేను పుట్టింది సిరిసిల్లలో, ఒక సాంచా మీద. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. నా తోడబుట్టిన తానులన్నీ రంగుల తొట్లలో మునిగి తలా ఒక పార్టీ కండువాలై ఊళ్ళ మీద పడ్డాయి. అన్నదమ్ములం కదా, ఒకే నూలు కదా అన్న ఇంగితం రంగు పడ్డాక ఎవరికీ లేకపోయింది. నేనొక్కదాన్నే రంగు పడక మిగిలిపోయాను. మాచన్నపేట మున్సిపాలిటీ శానిటరీ ఇన్స్పెక్టర్ నర్సింహాచారి ముసుగు గుడ్డ కోసం దుకాణానికి వచ్చినప్పుడు పసుపు చూపిస్తే వద్దన్నాడు, ఆకుపచ్చ చూపిస్తే ఉలిక్కిపడ్డాడు, నీలం చూపిస్తే దుకాణం బయటికి తొంగిచూసి వచ్చాడు. ఏ రంగు పట్టుకున్నా అది ఎవరో ఒకరి పార్టీదే. చివరికి నన్ను చూపించారు. "తెలుపంటే నాయకులందరి అంగీల రంగు గదా," అని కాసేపు గుంజాటన పడి, అందరిదీ అయితే ఎవరిదీ కాదని తనకు తాను ధైర్యం చెప్పుకొని నన్ను చంకలో పెట్టుకున్నాడు.

నన్ను కుట్టింది బాలమణి. చౌరస్తాకు వెనక సందులో ఉంటుంది. ఎనిమిదో తరగతి దాకా చదివింది, మిషన్ కుట్టి కూతురు జలజను డిగ్రీ చదివించింది. ఆమె లాంటి పిరికిదాన్ని నేను చూడలేదు. కూతురు బయటికి వెళ్ళి అరగంట ఆలస్యమైతే చాలు, బస్సు బోల్తా పడడం, దవాఖానా, తెల్లగుడ్డ కప్పడం దాకా వెళ్ళిపోతుంది. కూతురు నవ్వుతూ వస్తే ఎందుకు నవ్వుతున్నదో అని ఇంకో భయం. కుట్టిన ప్రతి బట్టకూ లోపలివైపు, కనబడని చోట, దిష్టి తగలకుండా కాటుక చుక్క పెట్టడం ఆమె అలవాటు. చంటిపిల్లల అంగీలకు పెట్టడం మొదలుపెట్టి, చెయ్యి ఆగక అన్నిటికీ పెట్టేస్తుంది. నాకూ పెట్టింది. పెడుతూ, "ఎవని కంట్ల వడకు. పోయినట్టు పోయి రా," అంది. ఆమె చేతి భయం ఆ చుక్కలోంచి నా పోగుల్లోకి దిగింది. అందుకే నేను కూడా గాలి కొంచెం గట్టిగా వీస్తే చిరుగుతానేమో అనే తప్ప ఎగురుతానేమో అని ఎప్పుడూ అనుకోలేదు.

నా మొదటి కొలువు చౌరస్తాలో పెద్దాయన విగ్రహం. ఆయన పేరు చెప్పను, ఆయన మాదంటే మాదని కొట్టుకునే పార్టీలు చాలా ఉన్నాయి. నోరు కొద్దిగా తెరిచి, కుడిచెయ్యి ముందుకు చాచి, ఏదో చెప్పబోతున్నట్టు ఉంటాడు. ఎన్నాళ్ళుగా చెప్పబోతున్నాడో, చెప్పింది మాత్రం లేదు. అంత నిదానస్తుడికి కూడా ఎన్నికలొస్తే ముసుగు వేయాలి. ఆ చాచిన చెయ్యే నాకు గండం. ప్రతిసారీ వేళ్ళు నన్ను చీల్చుకొని బయటికి వచ్చేవి. నర్సింహాచారి నన్ను మోసుకొచ్చి బాలమణి మిషన్ మీద పడేసేవాడు.

"బాలమణక్కా, పెద్దమనిషి మళ్ళ చింపిండు."

"చెయ్యి దించుకోమని చెప్పు సారూ. నేనెన్నిసార్లని అతుకెయ్యాలె."

ఎన్నికలైపోతే నన్ను మడతపెట్టి గోదాములో పడేసేవాళ్ళు. కప్పడం, విప్పడం, మడతపెట్టడం. ముసుగు బతుకు అంతకంటే ఏముంటుంది. అట్లాగే సాగిపోతే బాగుండేది. అప్పుడే ఆ కొత్త చట్టం వచ్చింది.

పార్టీల ప్రచార మర్యాద చట్టమని దానికి పేరు. ఎన్నికలున్నా లేకున్నా, ఏ పార్టీ అయినా "మాట చేతగానీ, గుర్తు చేతగానీ, సైగ చేతగానీ, మరే ఇతర విధంగాగానీ ప్రజలలో అనవసరమైన ఆలోచన కలిగించరాదు" అని అందులో ఉంది. ఏది అవసరమైన ఆలోచన, ఏది కాదు అన్నది రాయలేదు. రాస్తే జనం అవసరమైనవి ఏరుకొని ఆలోచిస్తారని కాబోలు. చట్టం చేసినవాళ్ళు దాన్ని చదివారో లేదో తెలియదు. నర్సింహాచారి మాత్రం చదివాడు, చదివి నిద్ర మానుకున్నాడు. విగ్రహాలతో సహా గుర్తులన్నీ కప్పించే పని ఆయన నెత్తిన పడింది.

మాచన్నపేటలో చిన్న పార్టీ ఒకటుంది. దాని గుర్తు చేట. అక్కడివాళ్ళు చాట అంటారు. పెద్ద పార్టీల గుర్తులను కప్పడానికి ఆయనకు ధైర్యం చాలలేదు. అవి రేపు గెలవచ్చు. చేట ఎప్పుడూ గెలవలేదు కాబట్టి చట్టమంతా చేట మీద పడింది. గోడల మీది చేటలకు సున్నం కొట్టించాడు. తర్వాత అంగడి రోజు వచ్చి, మేదరి ఈరవ్వ అమ్ముకునే చేటల గుట్టను చూసి నెత్తి పట్టుకున్నాడు. పెద్దాయన మీద నేనుండగానే, నా పోగుల సందుల్లోంచి చూస్తుండగానే జరిగిందది. ఈరవ్వ చేటల మీద గోనెపట్టా కప్పించాడు.

"మరెట్ల అమ్ముకోను సారూ?"

"కప్పి అమ్ముకో. పేరు జెప్పకు."

ఆ రోజు అంగడికి వచ్చినవాళ్ళందరూ ఈరవ్వ దగ్గర ఆగారు. లోపలేముందని అడిగారు. "చెప్పొద్దన్నడు బిడ్డా, నువ్వే సమజ్ చేస్కో," అంది ఈరవ్వ. పొద్దు వాలకముందే గుట్ట ఖాళీ. బియ్యం చెరగడం మానేసి ఏళ్ళయినవాళ్ళు కూడా తలా ఒకటి కొనుక్కొని, చీరకొంగు కింద దాచుకొని వెళ్ళారు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది, కప్పడంలో ఏదో పొరపాటుందని. ముసుగును కదా, నేనే అనుకుంటే ఏం బాగుంటుందని ఊరుకున్నాను.

బాలమణికి ఆ అనుమానం రాలేదు. ఆమె భయం వేరు. ఆ చేట పార్టీలోనే జలజ తిరుగుతోంది. పార్టీకి ఊళ్ళో అధ్యక్షుడు మల్లేశం, చౌరస్తాలో మిర్చి బజ్జీల బండి ఆయనది. పార్టీకి నోరు మాత్రం జలజ. వచ్చే బేస్తవారం విగ్రహం పక్కన సభ పెట్టి నల్లా నీళ్ళ గురించి మాట్లాడతానని ఊరంతా చెప్పింది. మురుగు పారే మోరీ పక్కనుంచి పోయే మంచినీళ్ళ పైపు పగిలి, నల్లాలో మోరీనీళ్ళు వస్తున్నాయి. పగిలిందని అందరికీ తెలుసు. అన్నవాళ్ళు లేరు.

అతుకు కోసం నేను మళ్ళీ బాలమణి మిషన్ మీద ఉన్నప్పుడే జలజ ఠాణాకు వెళ్ళి వచ్చింది. చెప్పులు విడవకముందే తల్లి అడిగింది.

"ఎస్సై ఏమన్నడే?"

"ఏ మాట అనొద్దో చెప్పుండ్రి సార్, అది ఇడిచిపెట్టి మాట్లాడుకుంటమన్న. ముందుగాల నువ్వు మాట్లాడు, అండ్ల ఏది అనొద్దో అప్పుడు తెలుస్తది అన్నడు."

"తెలిసినంక?"

"తెలిసినంక లోపలేస్తడట."

బాలమణి చేతిలో సూది ఆగింది. జలజకు పెళ్ళి కాకపోవడం, జైలు కూడు, కోర్టు మెట్లు, తను వాటి మీద కూలబడడం, అన్నీ ఒకదాని వెనక ఒకటి ఆమె కళ్ళ ముందు నడిచిపోయాయని నాకు తెలుసు. సూదిని నాకే గుచ్చి కూతురి వైపు తిరిగింది.

"నువ్వు మాట్లాడెటియి నాకోపాలి సదివి వినిపియ్యి బిడ్డా."

జలజ మడత కాగితం తీసింది. "అన్నలారా, అక్కలారా. మన నల్లాలల్ల మురికినీళ్ళొస్తున్నయి."

"మురికి అనకు. ఎవడు మురికి జేసిండంటరు. నీళ్ళొస్తున్నయి అను."

"నీళ్ళొస్తున్నయని చెప్పుటానికి సభ ఎందుకే?"

"నువ్వు సదువు."

"ఆ నీళ్ళు తాగి మన వాడకట్టుల పిల్లలకు వాంతులైనయి."

"పిల్లల జోలికి పోకు. పిల్లలను రెచ్చగొట్టినవంటరు."

"సర్కారు దవాఖానల సెలైన్ లేదు."

"సర్కారు తీసెయ్. దవాఖానా గూడ తీసెయ్."

"ఇగ సెలైన్ లేదు అనాల్నా? ఎక్కడ లేదే అమ్మా, మల్లేశన్న బజ్జీల బండి కాడనా?"

"అది గూడ వద్దు తియ్యి."

"పైపు మార్చుమని ఏండ్ల సంది అడుగుతున్నం."

"అడుగుతున్నం అనొద్దు బిడ్డా. అడిగితే ఎదిరించినట్టు."

గుడ్డను కత్తిరించినట్టే కత్తిరించింది ఆమె. ఆ సాయంత్రం ముగిసేసరికి జలజ ప్రసంగంలో "అందరికీ దండాలు" ఒక్కటే మిగిలింది. బాలమణి దాన్ని కూడా అటూ ఇటూ తిప్పి చూసింది.

"దండాలంటే, ఏం కోరి పెడుతున్నవంటరేమో."

"అయితే నిలవడి ఊకుంట తియ్యే."

"ఊకో బిడ్డా. నేనడిగేది గదే."

కూతురు నవ్వలేదు. కాగితం చింపి కిటికీలోంచి పారేసి లోపలికి వెళ్ళింది. బాలమణి కళ్ళు నా మీద తుడుచుకుంది. అప్పుడు నాకు ఆ చట్టం తెలివి అర్థమైంది. ఇది అనకూడదు అని రాసి ఉంటే, దాన్ని పట్టుకోవడానికి ఊరూరా పోలీసులు కావాలి. ఏమీ రాయకుండా వదిలేస్తే ఇంటింటికీ ఒక తల్లి చాలు. జీతం అడగదు, సెలవు అడగదు, ఎస్సైకి తట్టని తప్పులు కూడా తానే వెతికిపెడుతుంది.

బేస్తవారం వచ్చింది. సభ వేదిక అంటే రెండు బల్లలు, ఒక మైకు, వెనక చెక్కతో చేసిన పెద్ద చేట బొమ్మ. బాలమణి పొద్దున్నే వచ్చింది, చంకలో నేను. ఊళ్ళో కప్పిన వాటి జోలికి ఎవరూ రావడం లేదు, కప్పనివాటి మీదే కేసులు పెడుతున్నారు అన్నది ఆమె లెక్క. మల్లేశం బజ్జీల పిండి కలుపుకుంటుండగా, కూతురు రాకముందే, బల్ల ఎక్కి నన్ను ఆ చేట బొమ్మకు తొడిగి తాడు బిగించింది. పెద్దాయన చెయ్యి కోసం ఈసారి అతుకుకు బదులు కుట్టిన సంచీ పక్కకు వేలాడుతోంది. మనసులో దేవుళ్ళందరికీ మొక్కి కిందికి దిగింది.

చేట పార్టీ సభలకు ఇరవై మంది వస్తే గొప్ప, అందులో సగం బజ్జీల కోసం వస్తారు. ఆ రోజు చౌరస్తా నిండింది. విగ్రహాలకు ముసుగు చూశారు గానీ, వేదిక మీద ముసుగు వాళ్ళు చూడలేదు. లోపలేముంది, ఎందుకు కప్పారు, ఎవరు కప్పించారు అని ఒకటే గుసగుసలు. బస్సు ఆపి డ్రైవరు కూడా దిగాడు. ఈరవ్వ దగ్గర కొన్న ఆడవాళ్ళు కొంగుల కింద చేటలతోనే వచ్చారు. నాకు ఒళ్ళు చెమట పట్టింది. దాచడానికి వెళ్ళి దండోరా వేస్తున్నానని తెలిశాక ఏ ముసుగు మాత్రం ప్రశాంతంగా ఉంటుంది.

ఎస్సై ముందు వరసలో కుర్చీ వేయించుకొని, ఫోనులో వీడియో ఆన్ చేసి, తప్పు మాట కోసం కాచుకొని కూర్చున్నాడు. జలజ మైకు ముందుకు వచ్చింది. నన్ను చూసింది, తల్లిని చూసింది. "అందరికీ దండాలు," అంది. అంతే. ఊరుకుంది. అప్పుడు తన భుజానికున్న సంచీలోంచి ఒక గాజు సీసా తీసింది. పొద్దున పట్టిన నల్లా నీళ్ళు అందులో. గ్లాసులో పోసుకొని కిందికి దిగి ఎస్సై ముందు పెట్టింది.

"ఎండల గూసున్నరు సార్. మంచినీళ్ళు తాగుండ్రి."

వాసన ముందు వరస దాటి రెండో వరసకు పోయింది. ఎస్సై గ్లాసును చూశాడు. తాగితే కడుపు, తాగకపోతే పరువు. వెనక నుంచి ఎవరో, "తాగు సారూ, మేం రోజు తాగుతలేమా," అన్నారు. నవ్వు చౌరస్తా అంతా పాకింది. పెద్దాయన ఒక్కడే నవ్వలేదు, నోరు తెరుచుకునే ఉన్నాడు.

పట్టుకోవడానికి వీడియోలో ఒక్క మాట లేదు. మంచినీళ్ళు ఇవ్వడం నేరమని రాయడానికి ఆయనకే సిగ్గేసింది. చుట్టూ చూసి, చూసి, నా మీద కన్నేశాడు.

"ఈ ముసుగు ఎవరేసిండ్రు? దీన్ని చూసే గదా గింతమంది జమైండ్రు. లోపలేముందని ఆలోచన పుట్టింది. ఆ ఆలోచన అవసరమా? కాదు."

నర్సింహాచారిని పిలిచి ఇది మీదేనా అని అడిగాడు. ఏళ్ళ తరబడి నన్ను చంకన మోసిన మనిషి నన్ను ముందుకూ వెనక్కీ చూసి, "మాది గాదు సార్. మాది ఇంక తెల్లగుంటది," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

"నేనే ఏసిన సార్," అంది జలజ.

ఎస్సై లేచాడు. కానిస్టేబుల్ ఆమె వైపు అడుగు వేశాడు. అప్పుడు జనంలోంచి బాలమణి వచ్చింది. కొంగు మట్టిలో ఈడ్చుకుపోతోంది. వచ్చి తాడు ఊడదీసి, నన్ను చేట మీదనుంచి లాగి, లోపలివైపు తిరగేసి ఎస్సైకి చూపించింది.

"పిల్లకేం తెల్వదు సారూ. ఇది నా చుక్క. కుట్టింది నేనే, ఏసింది నేనే. నన్ను దోల్కపోండ్రి."

ఇన్నేళ్ళూ కంట పడవద్దని ఆమె దాచిన చుక్క అందరి కళ్ళముందూ ఉంది. వెనక చేట బొమ్మ కూడా నిక్షేపంగా బయటపడి ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఠాణా చౌరస్తాకు ఎదురుగానే. జనం వెంట వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డారు. నన్ను బల్ల మీద పెట్టారు, సీసాను నా పక్కన పెట్టారు. హెడ్ కానిస్టేబుల్ వాంగ్మూలం రాసుకోవడానికి కలం తీశాడు. ఎస్సై అడిగాడు.

"ఏం మనసుల వెట్టుకొని ఏసినవ్?"

"మంచే మనసుల వెట్టుకున్న సారూ. నా బిడ్డ ఒక్క తప్పు మాట అనలే. నేనే అననియ్యలే."

"ఏం మాటలు అననియ్యలే?"

ఇక్కడ ఎస్సై పొరపాటు చేశాడు. బాలమణి తన నిజాయితీ నిరూపించుకోవాలని ఒట్టి అమాయకంగా మొదలుపెట్టింది. కత్తిరించిన పేలికలను పారేయడం ఆమె ఎరగదు. "మన నల్లాలల్ల మురికినీళ్ళొస్తున్నయి అని ఉండె సారూ, అననియ్యలే. ఆ నీళ్ళు తాగి వాడకట్టుల పిల్లలకు వాంతులైనయి అని ఉండె, తీపిచ్చిన. సర్కారు దవాఖానల సెలైన్ లేదు అని ఉండె, అది ముందే తీపిచ్చిన. మోరీ పక్కపొంటి పైపు వగిలింది, మార్చుమని ఏండ్ల సంది అడుగుతున్నం, ఎవ్వడు పలుకుతలేడు అని ఉండె. గది మొత్తానికే కొట్టేపిచ్చిన. దండం వెడత సారూ, వీటిల్ల ఒక్కటంటే ఒక్కటి అననియ్యలే."

భయం ఎక్కువైతే ఆమె గొంతు పెరుగుతుంది. మైకు అవసరం పడలేదు. కిటికీ దగ్గర ఒక్కరూ కదలలేదు. జలజ తల్లిని కొత్తగా చూస్తున్నట్టు చూస్తోంది.

"ఇది గూడ రాయాల్నా సార్?" అని అడిగాడు హెడ్ కానిస్టేబుల్, రాయడం ఆపకుండానే. ఆయన ఇల్లు కూడా అదే పైపు కింద.

ఎస్సై లేచి కిటికీ మూయబోయాడు. అప్పటికే కొంచెం ఆలస్యమైంది.

ఆ సాయంత్రమే తల్లీకూతుళ్ళను ఇంటికి పంపారు గానీ కేసు ఉండిపోయింది. ప్రతి సోమవారం వచ్చి సంతకం పెట్టిపోవాలి. బాలమణి వస్తుంది. ఈసారి తప్పకుండా లోపలే ఉంచేస్తారని నమ్ముతుంది కాబట్టి టిఫిన్ డబ్బా, దుప్పటి, తలనొప్పి గోలీలు వెంట తెచ్చుకుంటుంది. సంతకం పెట్టాక సామాన్ల గది కిటికీలోంచి నన్ను చూసి, "ఎలుకలు కొడుతయి సారూ, కలరా ఉండలెయ్యుండ్రి," అని హెడ్ కానిస్టేబుల్‌ను బతిమాలుతుంది. ఆయన వేశాడు. జలజ వాడవాడా తిరిగి సభలు పెడుతోందట. పోయిన సోమవారం సందు చివర మైకు మోగితే, సంతకం పెడుతున్న బాలమణి చెయ్యి ఆగింది. "మురికినీళ్ళు" అన్న మాట స్పష్టంగా వినిపించింది. భయపడింది, ఎప్పటిలాగే. కానీ పరిగెత్తుకెళ్ళి ఆపలేదు. మిగతా సంతకం నిదానంగా పూర్తి చేసింది.

ఇక సీసా సంగతి. అది కేసులో సాక్ష్యం కాబట్టి పారబోయకూడదు. నీళ్ళు ఇప్పుడు పచ్చబడ్డాయి. బిరడా వేసినా వాసన ఆగక, పక్క గదిలో ఎస్సై అన్నం తినలేకపోతున్నాడు. మొన్న ఆయనే ముక్కు మూసుకొని వచ్చి, నన్ను విప్పి, సీసా మీద కప్పి, తాడు బిగించి వెళ్ళాడు.

నాకు వచ్చిన పని అదొక్కటే, చేస్తున్నాను. సీసా కనబడడం లేదు. వాసన మాత్రం నా పోగుల సందుల్లోంచి బయటికి పోతూనే ఉంది. ఇందాక ఎస్సై రెండోసారి అన్నం వదిలేసి లేచాడు.